చింతపండుతో తోమిన పిస్తోలు

ఇనుము మీద ఆముదం రాసి పాత గుడ్డతో తుడిస్తే ఒక వాసన వస్తుంది. మాచర్ల దగ్గర ఆనకట్ట పనుల వర్క్‌షాపులో నా ఉద్యోగం. సాయంత్రం కొలత పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దేటప్పుడు ఆ వాసన తగిలితే గురజాలలో మా ఇంటి పంచ, అక్కడ గడిచిన ఒక ఉదయం గుర్తుకొస్తాయి. ఆ ఉదయం పంచలో ఉన్నవాళ్లు: తాతయ్య, నాయనమ్మ, నరసరావుపేట నుంచి వచ్చిన ఖాదరు మామ, ఎనిమిదేళ్ల నేను. ఉన్న వస్తువులు: నాపరాళ్ల అరుగు మీద పరిచిన దుప్పటి, భూతద్దం, స్క్రూడ్రైవరు, చెంబుడు మజ్జిగ, దుప్పటి నడుమ తాతయ్య పిస్తోలు.

తాతయ్య మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం అవతల బస్రాలోని సైనికుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాడు. అక్కడ ఒక డాక్టరు దొర విషజ్వరంతో మంచాన పడితే దగ్గరుండి గంజి తాగించి బతికించాడట. తాతయ్య ఊరికి ఓడ ఎక్కే రోజున ఆ దొర తన నడుముకున్న తోలు సంచీ విప్పి, పిస్తోలుతో సహా ఈయన చేతిలో పెట్టాడట. పొద్దుగూకే వేళ, వంటింట్లోంచి జొన్నరొట్టెలు కాలే వాసన వస్తుండగా, తాతయ్య అరుగు మీద కూర్చుని ఈ కథ చెబుతూ ఖర్జూరపు తోటలనూ ఇసుక గాలినీ దాటుకుంటూ తాపీగా ఆ ఓడ దగ్గరికి చేరేవాడు. పెళ్లిళ్లలో ఆయన ఈడువాళ్లు "ఇచ్చాడా, ఎత్తుకొచ్చావా?" అని ఆటపట్టించేవారు. అందరూ నవ్వేవారు. తాతయ్య మాత్రం ముఖం ముడుచుకునేవాడు.

దసరా మా వైపు మిరపనారు నాటిన రోజుల్లో, తడిసిన నల్లరేగడి కాళ్లకు చెప్పుల్లా అంటుకుని ఊడిరాని రోజుల్లో వచ్చేది. ఆయుధపూజకు నాయనమ్మ నాగలి కర్రు, కొడవళ్లు, గడ్డపార, కత్తిపీట అన్నీ బావి దగ్గర వరసగా పేర్చి చింతపండు పులుసు, ఇటుకపొడి, కొబ్బరిపీచుతో తోమేది. వాటితో పాటు పిస్తోలునూ తోమేది. ఎండలో ఆరబెట్టి, ఆముదం రాసి, పసుపు కుంకుమలు పెట్టి, గారెలు నైవేద్యం పెట్టేది. మేము గోలీలాట మధ్యలో ఆపి, మట్టి చేతులు లాగులకు తుడుచుకుని వచ్చి దండం పెట్టేవాళ్లం. ఆ పిస్తోలు పేలగా మాలో ఎవరం వినలేదు; ఇంట్లో తూటా ఒక్కటీ లేదు.

కృష్ణా నది అవతల గొడవలు ముదిరిన ఏడాది, లైసెన్సున్న ప్రతి ఆయుధానికీ రకం, నంబరు, విలువ రాసి ఇమ్మని తాలూకా ఆఫీసు నుంచి కబురొచ్చింది. పంటల మీద పడే అడవి పందుల కోసం రైతులకు తుపాకులూ తూటాలూ అమ్మే ఖాదరు మామను తాతయ్య అందుకే పిలిపించాడు. ఆయన పిస్తోలును మెడ దగ్గరున్న మడత బందు మీద వంచి తెరిచి, గొట్టంలోకి చూసి, భూతద్దంతో పక్కలన్నీ వెతికాడు.

"ఏందత్తా ఇది? తుప్పు పట్టకుండా వేసే నీలి పూత మచ్చుకైనా లేదు. రాతలు కూడా అరిగిపోయినయ్. దేంతో తోమావ్?"

"చింతపండుతో. దేవుడి ముందు మసి మొహంతో పెడతారా?"

"పూతుంటే మద్రాసులో చానా పలికేది. ఇప్పుడు సగం కూడా రాదు."

"అమ్మేదెవరు? నువ్వు రాయి" అన్నాడు తాతయ్య.

ఆయన చెప్పుకుంటూ రాశాడు: పటాలం ఆఫీసర్లు వాడే రకం, ఆరు తూటాల చక్రం, ఆరంగుళాల గొట్టం. తర్వాత కలం ఆపాడు.

"పెద్దాయనా, ఒకటి తేలాల. దొరలు సొంతానికి కొనుక్కున్నవాటి మీద గుర్తుండదు. సర్కారు ఇచ్చినవాటి మీద బాణం గుర్తుంటది. ఇది దొర సొంతదైతే ఇప్పుడు నీదే. సర్కారుదైతే దాన్ని ఇచ్చే హక్కు దొరకే లేదు. పైన చూద్దామంటే అత్త చేతికి ఏదీ మిగల్లేదు."

పిడికి రెండు పక్కలా గట్టి నల్లరబ్బరు పలకలు, వాటిని పట్టుకుని ఒకే మరమేకు. అది విప్పితే లోపల ఏళ్ల తరబడి చేరిన కుంకుమా ఇటుకపొడీ గడ్డకట్టి ఉన్నాయి. ఖాదరు మామ వాటిని గోటితో గీకాడు. కింద కాకి అడుగులాంటి మూడు గీతలు, నిన్న కొట్టినంత స్పష్టంగా ఉన్నాయి.

"బాణమే" అన్నాడు నెమ్మదిగా. "సర్కారు అమ్మేసుంటే ఎదురుగా ఇంకో బాణం కొట్టేవోళ్లు. అది లేదు."

మజ్జిగ మీద ఈగ వాలితే నాయనమ్మ కొంగుతో విసిరింది.

"ఆకురాయితో నాలుగు గీతలు గీస్తే పోద్ది" అన్నాడు ఖాదరు మామ. "పలక కింద ఎవడు చూస్తాడు?"

"నాకిచ్చినా పోద్ది. రెండు పండగలు చాలు" అంది నాయనమ్మ.

తాతయ్య ఆ మూడు గీతల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. "అది తనది కాదని దొరకు తెలుసంటావా?"

"జరంలోంచి లేచినోడు. చేతికందింది ఇచ్చుంటాడు పెద్దాయనా. మనసులో ఏముందో ఎట్టా తెలిసుద్ది?"

"బాణం కూడా రాయి."

"రాస్తే పట్టుకుపోతారంటగా" అంది నాయనమ్మ.

"వాళ్లు వచ్చేదాకా ఎందుకు? నేనే ఇచ్చొస్తా."

"మరి విలువ దగ్గర ఎంత రాయను?" అన్నాడు ఖాదరు మామ.

"సర్కారు సొమ్ముకు నేను వెల కట్టేదేంది? వదిలెయ్."

మర్నాడు తాతయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, దాన్ని ఆ తోలు సంచీలోనే పెట్టుకుని ఠాణాకు నడిచి వెళ్లాడు. వచ్చేటప్పుడు మా కోసం బెల్లం జీడీలు తెచ్చాడు. ఆ సాయంత్రమూ, ఆ తర్వాతి సాయంత్రమూ బస్రా మాట ఎత్తలేదు. ఇక ఎత్తడేమోనని నాయనమ్మ భయపడింది.

ఇప్పుడు ఆ పంచ లేదు, ఆ స్థలంలో పత్తి గోదాము కట్టారు. ఖాదరు మామ కొట్లో అద్దె సైకిళ్లు ఉన్నాయి. తాతయ్యా నాయనమ్మా ఒకరి వెనక ఒకరు పోయారు. కానీ పోయేలోగా తాతయ్య ఆ కథ మళ్లీ మొదలుపెట్టాడు. ఖర్జూరపు తోటలు, ఇసుక గాలి, గంజి, ఓడ, అన్నీ అలాగే ఉండేవి. చివరి మాట ఒక్కటే మారింది. దొర దాన్ని ఇచ్చాడని చెప్పడం మానేసి, దాచమని చేతిలో పెట్టాడని చెప్పేవాడు. మేమెవరం ఆయన మాట సరిదిద్దలేదు. పెళ్లిళ్లలో ఆటపట్టించేవాళ్లు కూడా ఆ పాత ప్రశ్న అడగడం మానేశారు.

తాతయ్య దాన్ని దాచింది ముప్పై ఏళ్లు.