అవ్వ చేతికి కట్టిన నా నిద్ర

నేను చెప్పబోయేది బాగేపల్లిలో మొదలై, బస్సెక్కి చిక్కబళ్ళాపురం దాకా పోయి, డాక్టరమ్మ టేబుల్ మీద నా పరువు తీసిన ఒక వెధవ పని గురించి. అంతా విన్నాక మీరు నన్నే తిడతారు. నాకేమీ అభ్యంతరం లేదు.

ముందు నా జబ్బు సంగతి. దాని పేరు బైపోలార్. రెండేళ్ళ కిందట అది ముదిరినప్పుడు వారం రోజులు నిద్రపోలేదు. ఉత్సాహానికి మాత్రం లోటు లేదు. మా విత్తనాల అంగడి గోడ మీద, చాకవేలు నుంచి చింతామణికి నేను నడపబోయే బస్సుల టైములు పెయింటుతో రాశాను. నాకు బస్సు లేదు, పర్మిట్టు లేదు, టైములు మాత్రం చక్కగా కుదిరాయి. తర్వాత సున్నం కొట్టించాం గానీ, పాతపాళ్యం రైతులు ఇప్పటికీ విత్తనాలు తీసుకుని, "తొమ్మిదిన్నర బస్సు ఇంకా రాలేదేమప్పా?" అని అడిగి పోతుంటారు.

మందులు పనిచేశాయి, నేను మళ్ళీ మనిషినయ్యాను. కానీ బైకు తాళం మా అవ్వ వక్కాకు సంచిలోకి పోయింది. నన్ను పెంచిందీ, ఇప్పుడు ఇంట్లో నాతో ఉండేదీ అవ్వ ఒక్కతే. ఆమె ఇష్టం లేకుండా ఆ సంచిలోంచి వక్కముక్క కూడా బయటికి రాదు. ముప్పై ఏళ్ళవాణ్ణి, గుడిబండె పల్లెలకు వేరుశనగ విత్తనాల మూట ఒళ్ళో పెట్టుకుని బస్సులో పోయేవాణ్ణి. బస్సుల యజమాని కావలసినవాడికి ఇది చిన్న అవమానం కాదు.

చివరికి డాక్టరమ్మే ఒక దారి చూపించింది. నా చేతికి నల్లటి గడియారం ఒకటి కట్టింది.

"ఇది నీ నిద్ర చూస్తాది, ఫోనుకు చెప్తాది. ఫోను నాకు చెప్తాది. నీ జబ్బు తిరిగొచ్చే ముందు నిద్ర తగ్గుతాది మంజునాథా. అది ముందే తెలిస్తే మందు మార్చుకోవచ్చు. మూడు వారాలు నిద్ర సరిగ్గా ఉంటే తాళం ఇచ్చేయమని అవ్వకు నేనే చెప్తా. అంతవరకు లెక్కలు నువ్వు చూడొద్దు. చూస్తే దిగులుతో ఉన్న నిద్ర కూడా పోతాది."

ఎంత మంచి మాట. నేను మొదటి రోజే ఫోనులో వీడియోలు చూస్తూ ఒంటిగంట చేశాను. పొద్దున లేచి గంటలు లెక్క వేసుకున్నాను. తాళం ఇక ఆ సంచిలోనే ముసలిదైపోతుందని అర్థమైంది. అప్పుడు అవ్వ గురక గుర్తొచ్చింది.

ఈ రెండేళ్ళలో అవ్వ గురక మా వీధిలో పేరు మోసింది. తొమ్మిదికి పడసాలలో మంచం మీద వాలిందంటే మొదలు. ఇంట్లోనే ఇంత నిద్ర ఊరికే పోతుంటే నేను వేరే ఎక్కడో వెతుక్కోవడమెందుకు? ఆ సాయంత్రమే గడియారం విప్పి అవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, ఇది రాత్రిపూట కట్టుకో. బీపీ చూస్తాది."

"నాకు బీపీ లేదు కదప్పా."

"లేదని తెలుసుకునేదానికే అవ్వా."

ఆమె నన్నొకసారి చూసి, గాజులు పైకి జరుపుకుని చేయి చాపింది.

ఆరో రోజు ఆస్పత్రి నుంచి ఫోను. "అవ్వను తీసుకుని ఈ పొద్దే రండి" అన్నారు. నా నిద్ర చూసి ముచ్చటపడి గడువు తగ్గించారనుకున్నాను. బయలుదేరే ముందు బైకు కడిగి, గొలుసుకు నూనె కూడా వేశాను.

"నిద్ర ఎట్లుండాది?" అంది డాక్టరమ్మ.

"బ్రహ్మాండంగా ఉండాది మేడమ్."

ఆమె కంప్యూటరు నా వైపు తిప్పింది. "రోజుకు రెండు మూడు గంటలు పడుకుంటే గొప్ప. మిగతా రాత్రంతా లేస్తాండావు, నడుస్తాండావు. ఇది జబ్బు తిరిగొస్తాండే గుర్తు. ఈ పొద్దే అడ్మిట్ చేసుకుంటాం."

అబద్ధం మీద నిలబడితే ఆస్పత్రి మంచం, నిజం చెబితే పరువు నష్టం. కాసేపు లోలోపల బేరమాడుకుని, "మేడమ్, ఆ చేయి నాది కాదు" అన్నాను.

"మరి ఎవరిది?"

పక్కన తమలపాకుకు సున్నం రాసుకుంటున్న అవ్వ, తల ఎత్తకుండానే చేయి చాపింది. గడియారం పట్టీ అచ్చు ఇంకా స్పష్టంగా ఉంది.

"అవ్వ అస్సలు లేవదు మేడమ్. గురక వీధంతా వినిపిస్తాది" అన్నాను. నేరం ఒప్పుకున్నవాణ్ణి, లెక్క తప్పునైనా గడియారం మీదకు తోసేద్దామని చూశాను.

"గురక నేనే కావాలని పెడతా ఉండాను" అంది అవ్వ. "నేను మేలుకొని ఉండానని తెలిస్తే వీడు పడుకోడమ్మా. వీడు పడుకున్నాడా లేదా అని పోయి చూసొస్తాంటా."

"రాత్రికి ఎన్నిసార్లు?"

"నాకేం తెలుసమ్మా. ఆ గడియారాన్నే అడుగు."

"నడిచేటప్పుడు కూడా గురక పెడతావా?"

"మధ్యలో ఆపితే వీనికి అనుమానం రాదా? వీనికి జబ్బు ముదిరిన ఆ వారం నేను హాయిగా నిద్రపోయినాను. వీడు లేచిపోయి గోడల మీద బస్సులు రాసినాడు. అప్పటి నుంచి ఇట్లే."

రెండేళ్ళు. ఆమె కష్టపడి పెట్టిన గురక వింటూ నేను సుఖంగా నిద్రపోయాను. సిగ్గుతో నా తల లేవలేదు, ఏడుపు కూడా వచ్చింది.

డాక్టరమ్మ ఇంకో గడియారం తీసి అవ్వకు కట్టింది. మూడు వారాలు మళ్ళీ మొదటి నుంచి, ఈసారి ఇద్దరి నిద్రా బాగుంటేనే తాళం. నేను ఫోనును పదింటికే రాగిపిండి డబ్బా వెనక పెట్టి, అవ్వకు కనబడేట్టు మాత్ర మింగి పడుకునేవాణ్ణి. నాలుగో రోజో ఐదో రోజో, అవ్వ నిజంగానే నిద్రపోయింది.

ఆ మరుసటి రోజే మళ్ళీ డాక్టరమ్మ ఫోను.

"అవ్వ ఏడు గంటలు పడుకుంది, సంతోషం. నువ్వేమప్పా, రాత్రంతా నడిచినావు?"

నిజంగా నిద్రపోతే అవ్వకు గురకే రాదు. ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉండేసరికి, ఊపిరి ఉందో లేదోనని నేనే పోయి పోయి చూసొచ్చాను.

మూడు వారాలు మళ్ళీ మొదటి నుంచి. కనుక పాఠకుల సాక్షిగా, అవ్వ వక్కాకు సంచి ముట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: నా నిద్రను ఇంకెప్పుడూ ఇంకొకరి చేతికి కట్టను. సంచి ముట్టుకున్నప్పుడు తాళం చేతికి తగిలింది. తీసుకోలేదు.