సుల్తాను అంగీ మీద ఎవరు నడుస్తారు

ఉషాక్ అనే ఊళ్లో తివాచీలు నేసే షుకూఫెకి ఒకటే కోరిక. ఒక్క తివాచీ అంచునైనా తన పేరు పడాలి. నేత ఎప్పుడూ ఆమెది, పేరు ఎప్పుడూ దుకాణానిది. వ్యాపారి ఒర్హున్ బే, అంటే ఒర్హున్ గారు, చివరికి సరేనన్నాడు. పాత సుల్తానుల అంగీల మీది నమూనాలు ఇప్పుడు తివాచీలకి ఎక్కుతున్నాయి కదా, అలాంటిదొకటి చిన్నది నేసివ్వు, నీ పేరే వేద్దాం అన్నాడు.

పూలూ గీతలూ తీసుకోమని ఆయన ఉద్దేశం. షుకూఫె అంగీని అంగీలాగే దింపేసింది. మెడపట్టీ, గుండీలు, నేలదాకా వేలాడే చేతులు, అన్నీ.

"చేతులెందుకమ్మా?" అన్నాడు ఒర్హున్ బే.

"అవి లేకపోతే దర్బారుకొచ్చినవాళ్లు దేన్ని ముద్దుపెట్టుకుంటారు బే?"

ఆయన తల గోక్కున్నాడు. "సరే, బాగానే ఉంది. కానీ అట్టముక్కలా బిర్రుగా ఉంది. వీధిలో పరిచి జనాన్ని తొక్కనివ్వు. శుక్రవారానికి మెత్తబడితే నీ పేరుతో పట్టుకెళ్తా. లేదంటే నీ దగ్గరే ఉంచుకో."

వీధిలో కొత్త తివాచీ పరిస్తే తొక్కుకుంటూ పోవడం అక్కడ మామూలే. చాయ్ కొట్టు వెహ్బి పళ్లెంతో వచ్చాడు, ఆగాడు, గోడకి అతుక్కుని పక్కనుంచి దాటాడు.

"తొక్కరా, తివాచీయే," అంది షుకూఫె.

"తివాచీయే అక్కా. లోపల మనిషున్నట్టుంది."

షుకూఫె అత్తగారు మెసురె వంగి అంగీ చెయ్యి అంచుని ముద్దుపెట్టుకుంది. "పడుకున్నట్టున్నాడు, లేపకండి" అంది. మర్నాటికి వీధివాళ్లంతా ముద్దులకి వరస కట్టారు. అడుగు మాత్రం ఒక్కటి పడలేదు. పిల్లి కూడా చుట్టూ తిరిగే పోయింది. తివాచీ బిర్రు బిర్రుగానే ఉంది. షుకూఫెకి ఏడుపొచ్చింది.

"ఏడవకే. సుల్తాను మెచ్చినవాళ్లకి అంగీ కప్పేవాడట. కప్పితే వద్దనకూడదట," అంది మెసురె.

షుకూఫె లేచి తివాచీ ఎత్తి వెహ్బి భుజాల మీద వేసింది. "ఇన్నేళ్లు ఈ వీధికి చాయ్ పోశావు."

వెహ్బి దాంతోనే నాలుగిళ్లకి చాయ్ ఇచ్చొచ్చాడు. ఇక మొదలైంది, నాకూ కప్పు నాకూ కప్పు అని. రొట్టెలాయన ఏనాడూ రొట్టె మాడ్చలేదన్నాడు. మంగలి రిజా ఎవరి చెవీ తెగలేదన్నాడు.

"నా చెవి?" అన్నాడు రొట్టెలాయన.

"అది నువ్వు కదిలావు."

చెప్పుకోడానికి ఏమీ లేని ఒకాయన, "నేను ఎవరి జోలికీ పోలేదు కదమ్మా" అంటే, పాపం అని షుకూఫె ఆయనకీ కప్పింది.

భుజాల మీద నలిగి నలిగి, శుక్రవారానికి తివాచీ గొర్రెపిల్ల చెవిలా అయింది. ఒర్హున్ బే వచ్చేసరికి అది మంగలి మీదెక్కి ఎదురొస్తోంది. ఆయన తడిమాడు, వాసన చూశాడు. చాయ్, సబ్బు, కాల్చిన రొట్టె.

"ఇంత మెత్తగా ఎలా చేశావమ్మా? ఏదీ, నాకూ ఓసారి కప్పు."

"మీరేం చేశారని?" అంది షుకూఫె.

ఆయన పట్టుకున్న తివాచీ అంచు వదిలేశాడు.

"పేరు కుట్టాక కప్పుతాను. అప్పుడు మీరూ ఒకటి చేసినట్టవుతుంది."

ఆ పెద్దమనిషి గుమ్మం రాయి మీద కూర్చుని, ఆమె కుట్టినంతసేపూ సూదిలోకి బంగారు దారం ఎక్కించి ఇస్తూ ఉన్నాడు. ఆ తర్వాత తివాచీ కప్పుకునే బస్సుకి నడిచాడు. సుల్తానుకి వీపు చూపించకూడదని మెసురె అడ్డుపడితే, వీధంతా ఇళ్లల్లోకి వెనక్కి వెనక్కి నడిచింది. అందుకే ఆయన మడమల దగ్గర ఊగుతున్న షుకూఫె పేరు, మలుపు తిరిగేదాకా అందరికీ కనిపిస్తూనే ఉంది.