చింతపండుతో తోమిన దేవత

నిన్న జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో మా విద్యార్థులకు చూపిద్దామని నాణేల సొరుగు తెరిస్తే, ఒక కాగితపు కవరు మీద మా పాత ప్రొఫెసరుగారి చేతిరాత కనబడింది. లోపలి నాణెం తక్కినవాటిలా ముదురాకుపచ్చగా లేదు, ఎర్రగా ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా చూడగానే గుర్తుపట్టాను.

అప్పట్లో నా కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతోంది. పొడిగింపు కాగితం మీద ప్రొఫెసరుగారు సోమవారం సంతకం పెడితేనే వీసా, లేకపోతే సామాను సర్దుకోవడమే. శుక్రవారం ఆయన తన తండ్రి ఇచ్చిన రోమన్ కంచు నాణెం నా చేతిలో పెట్టి, ఫొటోలు తీసి సోమవారం తెమ్మన్నారు. ఒకవైపు చక్రవర్తి, రెండోవైపు ఆరోగ్యదేవత. బలిపీఠాన్ని చుట్టుకుని లేచిన పాముకు ఆవిడ గిన్నె అందిస్తూ ఉంటుంది. వందల ఏళ్లు మట్టిలో ఉండి పట్టిన ఆ పచ్చటి పొరే అలాంటి నాణేనికి ప్రాణం. మేం దాన్ని వేలితో కూడా రుద్దం. ఇంట్లో మాత్రం మా అత్తగారు ఉన్నారు. మూడు నెలలుండి వెళ్దామని తెనాలి నుంచి వస్తూ రెండు కిలోల చింతపండు తెచ్చుకున్న మనిషి, చేతులు ఊరికే ఉంచుకోలేరు. శనివారం నేను కూరగాయలు తెచ్చేసరికి బల్ల మీద నాణెం లేదు. ఇల్లంతా గాలిస్తే దేవుడి అరలో, పసుపు కుంకాలతో, కొత్త రాగి చెంబులా ధగధగలాడుతూ దొరికింది.

“చిలుం పట్టిపోయిందమ్మాయ్. పాముకి పాలుపోసే అమ్మవారిని అట్టా బల్ల మీద పడేస్తారటే? చింతపండు, ఉప్పేసి తోమా. మొహం ఎంత కళగా ఉందో చూడు!”

ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయలేను, సిగ్గేస్తుంది. ఆదివారమంతా అబద్ధాలు అల్లుతూ కూర్చున్నాను, ఒక్కటీ అతకలేదు. ఆవిడ అన్నం ముట్టలేదు. సోమవారం పొద్దున చూస్తే పట్టుచీర మీద నా కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. “తోమింది నేను. నేనే చెబుతా.”

ప్రొఫెసరుగారి బల్ల మీద నా కాగితం ఉంది, దాని మీద పెన్ను. ఆయన నాణేన్ని భూతద్దం కింద పెట్టి ఎంతకీ తలెత్తలేదు. అత్తగారు చేతులు జోడించి, “తప్పు నాదండీ. పిల్లనేమీ అనకండి” అన్నారు. మొదటి మాట జర్మన్‌లో చెప్పగలిగాను, రెండోది చెప్పకుండా వదిలేశాను. ఎందుకు తోమారని ఆయన అడిగారు. దేవత మురికిగా ఉండకూడదట, తోమి పూజ కూడా చేశారు అన్నాను. “పోయింది తిరిగి రాదు. నాకు చాలా బాధగా ఉంది,” అన్నారు ఆయన, కళ్లజోడు తీసి. తర్వాత కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం పెట్టారు. ఆ రోజు నుంచి ఒక్క నాణేన్నీ నన్ను ఇంటికి తీసుకెళ్లనివ్వలేదు. తాను రిటైరయ్యేటప్పుడు మాత్రం ఈ నాణేన్ని విభాగానికే ఇచ్చేశారు.

కవరు మీద ఆయన రాసిందింతే: “చింతపండుతో శుభ్రం చేయబడినది. పూజ జరిగినది.” అత్తగారు పోయి మూడేళ్లయింది. క్షమించమని ఆవిణ్ణి నేను ఒక్కసారీ అడగలేదు. నిన్న కిటికీ దగ్గర వెలుతురులో చూస్తే, పాము పడగ దగ్గర సన్నగా నలుపు మొదలైంది. ఆవిడ అరగంటలో తోమేసినదాన్ని కాలం మళ్లీ మొదటినుంచి పూయడం మొదలుపెట్టింది. దానికి తొందర లేదు, నాకే వేళ మించిపోయింది.