సత్రంలో మూడు రాత్రులు

ఏడేళ్ల కిందట ఒక మనిషి నా ఎదుట నిలబడి ఒక ప్రశ్న అడిగాడు. గుర్తు లేదన్నాను. గుర్తుంది. ఆ రోజూ గుర్తుంది, ఈ రోజూ గుర్తుంది. అన్నం ముందు కూర్చున్నా, కోర్టు వసారాలో నిలబడినా, మా చిన్నపిల్ల ఏదో అడిగి జవాబు కోసం నా మొహంలోకి చూసినా, ఆ "గుర్తు లేదు" అన్న మాట వచ్చి నా గుండె మీద కూర్చుంటుంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు దాచుకుని తప్పు ఒప్పుకోవడం కూడా పిరికితనమే కదా అంటారేమో. అవును. కానీ మిగతాదేదీ దాచను.

నేను చిత్తూరులో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆయనకు ఆదాయపు పన్ను కేసుల్లో పేరు. మా జిల్లా నుంచి రంగూన్‌కూ కొలంబోకూ వెళ్లి వ్యాపారాలు చేసేవాళ్లు నోటీసు అందుకుని నేరుగా మా వసారాకు వచ్చేవాళ్లు. బర్మాను మన దేశం నుంచి విడదీశాక రంగూన్ సంపాదన పరదేశపు సంపాదన అయింది. ఆ వెనకే పన్ను చట్టమూ మారింది. ఇక అంతా ఒక్క ప్రశ్న మీద నిలిచింది. ఈ మనిషి ఎక్కడివాడు?

ఏడాదిలో నూట ఎనభై రెండు రోజులు ఇక్కడ ఉంటే ఇక్కడివాడే. అది సులువు. ఇంకొక మెలిక ఉంది. మనిషి పరదేశంలోనే ఉన్నా, ఇక్కడ అతని కోసం అన్నాళ్లపాటు ఒక నివాసం ఉంచి ఉంటే, ఆ ఏడాది ఒక్క రోజు వచ్చి పోయినా సరే, ఇక్కడివాడి కిందే లెక్క. అప్పుడు అక్కడి లాభానికి కూడా ఇక్కడ పన్ను కట్టాలి. నివాసం ఉంచడమంటే ఏమిటని ప్లీడరు గారిని అడిగాను. "గోడలు కాదయ్యా. తిరిగొస్తాడని ఒక చోటు సిద్ధంగా పెట్టడం" అన్నారు. చట్టం గురించి ఆయన అంత మెత్తగా మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

గోవిందస్వామి రంగూన్‌లో బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు అమ్మేవాడు. అక్కడి మన కూలీలకు ఆ దుకాణమే సొంత ఊరు. అతని భార్య వరదమ్మ తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో, తన నాయన ఇచ్చిన పెంకుటింట్లో ఒంటరిగా ఉండేది. అతని అన్న పాకాలలో ఉండేవాడు. తమ్ముడి వ్యవహారాలన్నీ ఆయనే చూసేవాడు. నోటీసు వచ్చేసరికే గోవిందస్వామి ఊరికి వచ్చి, తిరిగి ఓడెక్కి వెళ్లిపోయి ఉన్నాడు. ఆ నోటీసు పట్టుకుని అన్న మా దగ్గరికి వచ్చాడు.

తిరుపతి ఇల్లు భార్యదేగానీ అతని కోసం ఉంచినది కాదని భార్య చేతనే ప్రమాణపత్రం ఇప్పించాలన్నారు ప్లీడరు గారు. ఆమెను పిలిపించాం. యుద్ధం మొదలైన మరుసటి ఏడాది అది. పొద్దున రైలుకు వచ్చింది. ప్లీడరు గారు కోర్టుకు వెళ్లారు. వసారాలో చాప వేసి కూర్చోబెట్టి, నేను ప్రశ్నల కాగితం తీశాను.

"మీ ఆయన కిందటేడు వచ్చినాడు గదమ్మా. ఎన్నాళ్లుండె?"

"పంతొమ్మిది దినాలన్నా."

"అన్ని దినాలూ మీ ఇంట్లోనేనా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటోంది.

"మూడు రాత్రులు మాత్రం గాదు. స్టేషను కాడ సత్రంలో పండుకున్నాడు మహానుభావుడు."

"అదేంటికి?"

"అలిగి. నడవలో ఆయన మంచం ఉండాది గదా. ఆయన రంగూన్ పోయిన కాడ్నించి దినమూ దులిపి దుప్పటి పరిసి పెడతా. నాలుగేండ్లూ పెట్టినా. పక్కింటోళ్లు ఆ మాట చెప్పి నవ్వినారంట. ఇంటికొచ్చి కేకలు. మనిషి లేని మంచానికి పక్క పరుస్తారా, సచ్చినోడికి పరిసినట్టు, అని. నాకూ కోపమొచ్చె. నువ్వు జాబు రాసేది ఆర్నెల్లకొకటి, నాకు ఆ మంచమే మొగుడు పో, అంటి. అంతే, సంచి సంకన పెట్టుకోని పోయినాడు."

"మళ్లా నువ్వే పోయి పిల్సకొస్తివా?"

"నేనేంటికి పోతా? నల్లులు పంపిచ్చినాయి. నాలుగో దినం తెల్లారే సరికి వాకిట్లో నిలబడుండాడు, ఒళ్లంతా దద్దుర్లు. వరదా, పక్కేస్తావా, అన్నాడు. పరిసే ఉండాది పో, అన్నా."

ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఎవురికీ చెప్పబాకన్నా. మా బావకు తెలిస్తే మానం పోతాది. ఇది ఆయనకూ నాకూ తప్ప ఎవురికీ తెలీదు" అంది.

చెప్పనమ్మా అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నా మనసులో ఏముంది? చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఆ క్షణాన నిజంగానే అన్నాననుకుంటాను. ఆమె మంచినీళ్లు తాగడానికి బావి దగ్గరికి వెళ్లింది. నేను కలం పట్టుకున్నాను. అప్పుడు తట్టింది. ఆ మంచం సంగతి పన్ను ఆఫీసరుకు తెలిస్తే కేసు పోయినట్టే. తిరిగొస్తాడని సిద్ధంగా పెట్టిన చోటు అంటే అంతకన్నా ఇంకేముంటుంది? ఆమె ప్రేమే సర్కారుకు కావలసిన సాక్ష్యం. కాబట్టి మంచం మాట రాకూడదు. కానీ సత్రం? సత్రం మాట వస్తే కేసు మనదే.

రాశాను. ప్రమాణపత్రం ఇంగ్లీషులో ఉండాలి. ఇల్లు తన తండ్రి ఇచ్చినదని రాశాను, అది నిజం. భర్త వ్యాపారం, కాపురం రంగూన్‌లోనేనని రాశాను, అదీ దాదాపు నిజం. ఆ తర్వాత ఈ అర్థం వచ్చే వాక్యం. "నా భర్త ఈ ఊరికి వచ్చినప్పుడు మా యిద్దరికి సరిపడక ఆయన సత్రంలో నిద్రించెను, ఆయన కొరకు నా యింట చోటు ఉంచలేదు, ఇక ముందును ఉంచబోను."

చివరి మాట ఎవరూ అడగలేదు. ఆఫీసరుకు అక్కర్లేదు. ప్లీడరు గారు చెప్పలేదు. వాక్యం అక్కడ ఆగితే బోసిగా ఉందనిపించి చేర్చాను. ఒక ఆడమనిషి కాపురం మీద నేను నా భాష నగిషీ చెక్కాను. ప్లీడరు గారు వచ్చి చదివి, ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, "భేష్, ఇది చాలు" అన్నారు. నాకు ఒళ్లు పొంగింది. ఆ పొంగు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు ముడుచుకుంటుంది.

చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేముందు కాగితంలో ఉన్నదంతా వాళ్ల భాషలో చదివి వినిపించాలి. వినిపించినవాడు కింద సంతకం పెట్టాలి. అది గుమాస్తా పని. నేను ఒక్కొక్క వాక్యం తెలుగులో చెబుతూ వచ్చాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి తలెత్తాను. ఆమె నన్ను చూస్తోంది, అన్నను చూసినట్టు. ఆ వాక్యం దాటి కిందిది చదివాను.

"అంతేనా అన్నా?" అంది.

"అంతే."

వేలిముద్ర వేసింది. చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొన్నారని రాసి, కింద నేను సంతకం పెట్టాను.

కేసు గెలిచాం. గోవిందస్వామి ఇక్కడివాడు కాడని ఆఫీసరు తేల్చాడు. తీర్పుతోపాటు కాగితాలన్నిటి నకళ్లు కక్షిదారుకు పంపడం మా ఆఫీసు పద్ధతి. ఆ కవరు రంగూన్‌కు అంటించింది నేనే. అంటించేటప్పుడు చెయ్యి ఒక్కసారి ఆగింది. వ్యాపారస్తుడు, ఇంగ్లీషు అంతో ఇంతో వచ్చినవాడు, పన్ను కోసం రాసిన రాతని అర్థం చేసుకోడా అని సర్దిచెప్పుకున్నాను. కానీ అది పన్ను కోసం రాసిన రాతలా లేదు. సత్రం సంగతి ఇద్దరికే తెలుసు. చదివినవాడికి అది భార్య నోటి నుంచి వచ్చిన మాట.

జాబులు ఆగిపోయాయి. ఆర్నెల్లకొకటి వచ్చేదీ ఆగిపోయింది. ఆమె రెండుసార్లు చిత్తూరు వచ్చి, "ఆఫీసుకేమన్నా రాసినాడా అన్నా?" అని అడిగింది. రెండోసారి మా పిల్లలకు పచ్చి చెనిక్కాయలు తెచ్చింది. లేదమ్మా అన్నాను. పిల్లలు ఉడకబెట్టుకుని తిన్నారు. నేను తినలేకపోయాను. అదొక్కటే నేను చేసిన ప్రాయశ్చిత్తం అని చెబితే మీరు నవ్వుతారు.

తర్వాత రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మనవాళ్లు వేలకు వేలు కొండలెక్కి నడిచి వచ్చారు. గోవిందస్వామి కూడా నడిచే వచ్చాడు. వచ్చి పాకాలలో, అన్న ఇంట్లో దిగాడు. పాకాల నుంచి తిరుపతి రైల్లో ఎంతసేపు? అతను ఆ రైలెక్కలేదు. చిత్తూరు రైలెక్కి మా ఆఫీసుకు వచ్చాడు.

చొక్కా కొయ్యకు తగిలించినట్టు ఉంది. చలిజ్వరంతో పెదవులు నల్లబడ్డాయి. బొడ్డు దగ్గర నుంచి గుడ్డలో చుట్టిన కాగితాలు తీశాడు. దుకాణం కాలిపోయింది. కొన్ని కాగితాలు మిగిలాయి. అందులో ఆ ప్రమాణపత్రం నకలు ఉంది.

"ఇది ఆమె చెప్పిందేనా అప్పా?"

లోపలి గదిలో ప్లీడరు గారు ఉన్నారు. తలుపు తీసే ఉంది. వినిపించకుండా వినిపించానని సంతకం పెట్టిన గుమాస్తాకు ఏమవుతుందో నాకు తెలుసు. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

"సత్రం సంగతి ఆమే చెప్పింది" అన్నాను. అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది.

అతను తల ఊపాడు. కాగితం మడిచాడు. మళ్లీ విప్పాడు.

"నల్లుల సంగతి రాయలేదే" అన్నాడు. మొహంలో నవ్వు లాంటిది ఏదో కదిలింది. "అది చెప్పలేదా? ఎట్ల చెప్పింది అప్పా? కోపంగా చెప్పిందా? నవ్వతా చెప్పిందా?"

ఇప్పుడు చెబుతున్నాను, వినండి. ఆ మనిషి నాకు తలుపు తెరిచి పెట్టాడు. నమ్మలేక వచ్చాడు, నమ్మకూడదని వచ్చాడు. కాగితంతో, సంతకంతో అతనికి పని లేదు. నన్ను పట్టివ్వడానికి రాలేదు. నవ్వుతూ చెప్పింది. ఆ రెండు మాటలు అంటే చాలు, సాయంకాలం రైలుకు తిరుపతికి పోయేవాడు.

"గుర్తు లేదు" అన్నాను.

"సరే అబ్బా" అన్నాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాడు.

వరదమ్మ పాకాలకు వెళ్లిందట. అతను లోపల నుంచి బయటికి రాలేదట. రంగూన్ నుంచి వచ్చిన మొగుడు పెళ్లాం మొహం చూడకపోతే లోకం ఏమనుకుంటుంది? అక్కడ బర్మా ఆడమనిషి ఉందని అనుకుంది. అందరూ అదే అన్నారు. ఆమె కూడా అదే నమ్మింది. నాలుగేళ్లు పాకాలలో ఆ జ్వరంతోనే బతికి అతను పోయాడు.

కిందటేడు ప్లీడరు గారు పోయారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. దాన్ని ధైర్యం అనొచ్చో లేదో మీరే చెప్పండి. ఆయన కాగితాలు సర్దుతుంటే ఆ ప్రమాణపత్రం నకలు దొరికింది. పోయిన నెల దాన్ని తీసుకుని తిరుపతి వెళ్లాను.

వరదమ్మ జుట్టు నెరిసింది. గడప దగ్గర ఆకుకూర ఏరుతోంది. "గుమాస్తన్నా!" అని లేచి పీట వేసింది. కూర్చోలేదు. కాగితం తీసి, అప్పుడు దాటేసిన వాక్యం తెలుగులో చదివాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చదవమంది. చదివాను. ఎప్పుడు, ఎందుకు రాశానో, ఎందుకు వినిపించలేదో చెప్పాను. ఆయన వచ్చి ఏమడిగాడో, నేనేమన్నానో చెప్పాను.

ఆమె చేతిలోని కూర కాడను తుంచింది.

"రంగూన్‌లో ఎవురో ఉండారనుకుంటి" అంది. "పీనుగ కాడ గూడా ఏడవలేదన్నా నేను. ఒక్క చుక్క గూడా."

నేను కాగితం మడిచాను.

"ఆయనుండంగ నీకు పాకాల యాడుందో తెలీలేదా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"తెలుసు" అన్నాను.

"పో అన్నా. ఇంక నువ్వు ఈడ నిలబడొద్దు."

వెళ్లలేదు. తప్పు నాదని చెప్పకుండా వెళితే మరోసారి దాటేసినట్టవుతుంది. గడప అవతలే నిలబడి చేతులు జోడించాను. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు లేదు. ఆమె మొహం తిప్పుకునే ఉంది. అయినా ఒక్కొక్క మాటే, ఏదీ వదలకుండా చెప్పాను.

"వరదమ్మా, నన్ను నమ్మి చెప్పిన మాటను నీ మీదికే తిప్పినాను. నీకు వినిపించకుండా దాచినాను. ఆయన అడిగితే నా ఉద్యోగం కోసం ఆయనకూ దాచినాను. ఈ తప్పు నీది గాదు తల్లీ, ఆయనదీ గాదు. నాది."