పక్క విస్తట్లో బూరె

చెంచురామయ్య బాబాయికి ఒకటే జబ్బు. పక్క విస్తట్లో తీపి కనబడితే ఆయన చెయ్యి ఆగదు. పక్కవాడంటే ఎవరో కాదు, సొంత అన్నకొడుకు, నా స్నేహితుడు బాలు.

ఏ పెళ్ళి బంతిలోనైనా బాలు పక్కన కూర్చున్నవాళ్ళని లేపి మరీ బాబాయి కూర్చుంటాడు. బూరె పడీ పడకముందే మాయం.

“ఏమయ్యా చెంచురామయ్యా, నీ విస్తట్లో ఉన్నాయిగా!”

“పక్క విస్తట్లో బూరెకి రుచెక్కువ బావా.”

నోట్లో ఓ ముక్క, కండువాలో మిగతాదంతా. చిలకలూరిపేట చుట్టుపక్కల వంటమేస్త్రులు ఆయన్ని చూడగానే ఇంకో వాయి వేసేవారు.

బాలుది స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం. పఫ్‌లు, కూల్‌డ్రింకుల పుణ్యమా అని ఇరవై ఏడేళ్ళకే వంద కిలోలు దాటాడు. అలాంటివాడు తన బూరె పోతున్నా నోరెత్తడు. ఉండబట్టలేక నేనే అడిగేశాను.

“వాడి నోటికాడ కూడు లాక్కోవడానికి సిగ్గులేదా బాబాయ్?”

“ఒరేయ్, మెల్లగా! వాడికి షుగరొచ్చేట్టుంది, తీపి మానకపోతే ఇక మందులేనన్నాడు డాక్టరు. మన బంతుల్లో వద్దంటే ఊరుకుంటారా? ఎందుకొద్దో చెప్పేదాకా వదలరు. చెబితే సంబంధాలు రావని మా వదిన ఏడుపు. వాడేమో మొహమాటానికి పెట్టిందల్లా తింటాడు. నేను తిండిపోతునైతే పోయేదేముందిరా? నాకు పెళ్ళయిపోయిందిగా!”

“మరి చేసుకోబోయే పిల్ల దగ్గర కూడా దాచేస్తారా?”

“ఆ ఒక్కటీ ఒప్పుకోను. పిల్లకి వాడే చెప్పాలి.”

నాకు నవ్వొచ్చింది, ఆయనంటే ఇష్టమూ పెరిగింది.

సంబంధం కుదిరే ముందు బాలు చెప్పేశాడు. పెళ్ళికూతురు శ్రీరమ్య అంతా విని, “అయితే రోజూ నడుస్తున్నారా?” అని మాత్రం అడిగిందట. మర్నాటినుంచి వాడు బండి మానేసి మిల్లుకి నడిచే వెళ్ళేవాడు. పఫ్‌లు పోయి ఇంటినుంచి కారేజీ వచ్చింది. పెళ్ళినాటికి పాత చొక్కాలన్నీ వదులయ్యాయి.

పెళ్ళి బంతిలో కొత్త దంపతుల పక్కనే బాబాయి. బాలు విస్తట్లో బొబ్బట్టు పడింది. ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. అప్పటికే శ్రీరమ్య దాన్ని తన విస్తట్లో వేసుకుంది.

“చినమామయ్యగారూ, ఇకనుంచి ఈ పని నాదండి.”

బంతి బంతంతా గొల్లుమంది. బాబాయి మాత్రం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“బతికించావమ్మా! నాకసలు తీపే పడదు. ఇన్నాళ్ళూ మోసుకెళ్ళిందంతా మా గేదెకే పెట్టా. ఇప్పుడు దానికి షుగరొచ్చేట్టుంది!”