ఒగాతా కాఫీ కొట్లో ఒక కేక

పొద్దున్నే ముళ్లతో మాట్లాడడం కినుయోకి అలవాటు. టీ చల్లారిపోతున్నా సరే, భూతద్దం కింద పెట్టిన రికార్డు ముల్లుని "ఏమ్మా, ఎక్కడ నొప్పి?" అని పలకరించాకే పని మొదలుపెట్టేది. జపాన్‌లో కోబే స్టేషను వెనక సందులో రికార్డు ప్లేయర్లు బాగుచేసే ఆమె ఎంత పనిమంతురాలో అంత వాగుడుకాయ.

ఆ వాగుడే కొంప ముంచింది. పక్క సందులో ఒగాతా గారి జాజ్ కాఫీ కొట్టు ఉంది. అక్కడి స్పీకర్లంటే ఆమెకి ప్రాణం. అయితే రికార్డు తిరుగుతున్నంతసేపూ అక్కడ ఎవరూ నోరు మెదపకూడదు. ఒకసారి డ్రమ్ముల జోరుకి ఉండబట్టలేక "అబ్బ!" అన్నందుకు ఆయన తలుపు చూపించాడు. మళ్లీ రానివ్వలేదు.

ఏడాది చివర ఊరంతా దులుపుళ్లు. చీపురు ముట్టని మగవాళ్లు కూడా దుమ్ము మీద యుద్ధానికి దిగే ఆ వారమే కినుయోకి రిపేర్ల పంట. ఒకరోజు ఒగాతా ఈకల కుంచెతో సహా పరుగెత్తుకొచ్చాడు.

"కుడి స్పీకరు మూగబోయింది! కొట్టు నిండా జనం. కినుయో గారూ, వాళ్లు... కబుర్లు చెప్పుకుంటున్నారు!"

"అయ్యో, ఎంత ఘోరం!" నవ్వాపుకుంది కినుయో. "కూలి వద్దు. రికార్డు ఒకవైపు మొత్తం కూర్చుని విననివ్వండి."

"నోరు విప్పితే?"

"జన్మలో మీ గడప తొక్కను."

కొట్లోకి వెళ్లి, ముల్లుండే కార్ట్రిడ్జ్ వెనక కుడి తీగల్ని ఎడమకీ, ఎడమవి కుడికీ మార్చింది. ఈసారి ఎడమ స్పీకరు మూగబోయింది. అంటే రోగం కార్ట్రిడ్జ్‌లోనే. భూతద్దంలో చూస్తే, వెంట్రుక కన్నా సన్నని లోపలి తీగ తెగి వేలాడుతోంది. దాని పక్కనే ఈక పోగు.

"దులిపారా?"

"కొంచెం..."

"కోడినే పట్టుకుని తుడిచినట్టుందే!"

జనం గొల్లుమన్నారు. కినుయో మాత్రం ఊపిరి బిగబట్టి, ఆవగింజలో అరవయ్యో వంతు టంకం చుక్కతో తీగని అతికించి, మార్చిన తీగల్ని మళ్లీ యథాస్థానంలో పెట్టింది.

ఒగాతా ముల్లు దించాడు. కొట్టంతా నిశ్శబ్దం. కినుయో రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎడమ నుంచి పియానో వచ్చింది. కుడి నుంచి ఏమీ లేదు. అంతలో కుడి స్పీకరులోంచి ట్రంపెట్ ఒక్కసారిగా విరుచుకుపడింది. కినుయో బుగ్గలు పూరీల్లా పొంగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవి మాత్రం విడలేదు.

"వచ్చేసింది!" అని కేక.

అందరూ వెనక్కి తిరిగారు. కుంచె పైకెత్తి గంతేస్తున్నది ఒగాతా!

కినుయో మాట్లాడకుండా, వేలెత్తి ఆయనకి తలుపు చూపించింది.

ఇప్పుడు ఆమె రోజూ నాలుగింటికి పని కట్టేసి, కుడి స్పీకరు ఎదుటి కుర్చీలో కూర్చుంటుంది.