దేవుడికి స్లౌ అడ్రసు

"సంకల్పంలో ఇటుక బట్టీల గోలేంటండీ? అవతల ముహూర్తం దాటిపోతుంటే!"

"మరేం చెప్పమంటావే? కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే అని అబద్ధమాడమంటావా?"

తేజ అక్క నీలిమ కొత్త ఫ్లాట్లో గృహప్రవేశం అప్పుడే ముగిసింది. వంటింట్లో పూజ చేయించిన పాండురంగం, ఆయన భార్య వెంకటరమణమ్మ పోట్లాడుకోవడం హాల్లో ఉన్న తేజకి వినబడుతోంది. నవ్వొచ్చింది. పీటల మీద బావ కాళ్లు తిమ్మిరెక్కి మెలికలు తిరగడం ఇందాకే చూశాడు.

పాండురంగం అసలు పురోహితుడు కాదు. ముప్పై నాలుగేళ్లు ఈ ఇంగ్లీషు ఊరు స్లౌలో బస్సు నడిపాడు. తెలుగు పంతులు దొరకని రోజుల్లో, తండ్రి దగ్గర నేర్చుకున్న నాలుగు మంత్రాలతో ఆదివారాలు పూజలు చేయించేవాడు. సొంతూళ్లో విన్న సంకల్పమే పదేళ్లపాటు ఇక్కడా చదివేశాడు. ఒక బారసాలలో ఓ పిల్ల అడిగింది: "అంకుల్, ఈజ్ గోదావరి నియర్ ద స్టేషన్?"

తల కొట్టేసినట్టయింది. పదేళ్లుగా దేవుణ్ణి తప్పుడు అడ్రసుకి పంపిస్తున్నాడు!

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా లైబ్రరీకి వెళ్లాడు. అప్పట్నుంచి ఆయన సంకల్పంలో ఊరంతా వచ్చేది. థేమ్స్ నదికి ఉత్తరాన, శాక్సన్ల నాటి మట్టిదిబ్బ పక్కన, గుర్రబ్బండ్లు ఆగిన సత్రాల దారిలో, ఈటన్ బడికి ఇటుకలు కాల్చిన నేల మీద, రైలొచ్చాక పెరిగి, ఫ్యాక్టరీలు లేచాక మనల్ని రానిచ్చిన ఊళ్లో... అన్నీ ఆయన బస్సు తిరిగిన చోట్లే. చాక్లెట్ ఫ్యాక్టరీ దగ్గర తలుపు తీస్తే బస్సంతా తియ్యటి వాసన కొట్టేదట. షిఫ్ట్ దిగిన వాళ్లు నిలబడే నిద్రపోయేవారట. ఇప్పుడక్కడ మెడలో కార్డులు వేసుకున్న ఐటీ పిల్లలు దిగుతున్నారు.

తేజ ఆయన సంచీ పట్టుకుని కారు దాకా వెళ్లాడు.

"కార్డిఫ్‌లో మీ అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నారటగా అంకుల్?"

"శనివారం. అమ్మాయి ఊరుకోవట్లేదు." పాండురంగం కారెక్కకుండా రోడ్డు వైపే చూస్తున్నాడు. "నా తర్వాత వచ్చేవాడు థేమ్స్ తీరే అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఇంత ఊరూ అందులో కొట్టుకుపోతుంది."

"పోతే పోనివ్వండి. వినేవాళ్లెవరు?"

"నువ్వు విన్నావుగా. అందరూ ఫోన్లు చూసుకుంటుంటే నువ్వొక్కడివే తలెత్తావు."

నిజమే. తేజ సంచీ డిక్కీలో పెట్టాడు. "నేను డిగ్రీయే సగంలో వదిలేశాను అంకుల్. నాకు మంత్రాలేం వస్తాయి?"

"మంత్రం కాదురా, అడ్రసు. వచ్చే ఏడు మీ అక్క వ్రతం చేసుకుంటుందిగా, కొత్త పంతులు థేమ్స్ దగ్గరికి రాగానే ఒక్క నిమిషం ఆపు. మిగతా స్టాపులన్నీ నువ్వు చెప్పు."